సౌష్ఠవ కేంద్రం లేని అతివాహకాలు అయస్కాంత క్షేత్రంలో ఎలా ప్రవర్తిస్తాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

స్ఫటికంలో అసౌష్ఠవం అంటే ఇక్కడ దేని గురించి?

స్ఫటికంలో ఒక బిందువును పట్టుకుని, ప్రతి పరమాణువునూ ఆ బిందువుకు సరిగ్గా అవతలి వైపుకు, అంతే దూరానికి జరిపామనుకోండి. అమరిక మొదట ఉన్నట్టే కనిపిస్తే ఆ బిందువును సౌష్ఠవ కేంద్రం అంటారు. నయోబియం, సీసం, తగరం వంటి మామూలు అతివాహకాల్లో (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా విద్యుత్తును పోనిచ్చే పదార్థాల్లో) ఈ కేంద్రం ఉంటుంది. అది లేని స్ఫటికాల్లో అయస్కాంత క్షేత్రం ఏం చేస్తుందన్నదే ఇక్కడి విషయం. స్ఫటికం బయటికి వంకరగా కనిపించడానికీ దీనికీ సంబంధం లేదు. చక్కటి ఘనాకార నిర్మాణంలోనూ కేంద్రం లేకపోవచ్చు. లిథియం, ప్లాటినం, బోరాన్ 2:3:1 పాళ్లలో కలిసిన సమ్మేళనం అలాంటిదే.

అసలు అయస్కాంత క్షేత్రం అతివాహకతను ఎలా చెడగొడుతుంది?

రెండు దారుల్లో. ఈ రెండూ వేర్వేరని గుర్తుంచుకోకపోతే మిగతాదంతా గందరగోళమే.

మొదటిది కక్ష్యా ప్రభావం. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలుగా పోతాయి, వీటిని కూపర్ జంటలు అంటారు. క్షేత్రం ఈ జంటలోని ఎలక్ట్రాన్ల గమనాన్ని వంచుతుంది. పదార్థంలోకి సుడులు, అంటే చుట్టూ విద్యుత్తు తిరిగే సన్నటి అయస్కాంత దారాలు, చొరబడతాయి. సుడులు కిక్కిరిసి ఒకదానికొకటి ఆనుకున్నప్పుడు అతివాహకత పోతుంది. ఈ హద్దు కూపర్ జంట పరిమాణం మీద, అంటే కోహరెన్స్ పొడవు మీద ఆధారపడుతుంది. ఫ్లక్స్ క్వాంటం (ఒక్కో సుడి మోసే అయస్కాంత ప్రవాహం) 2.07 × 10⁻¹⁵ వెబర్‌ను 2 × పై × (కోహరెన్స్ పొడవు)² తో భాగిస్తే ఎన్ని టెస్లాలో వస్తుంది. పొడవు 10 నానోమీటర్లయితే 3.3 టెస్లా, 2.7 నానోమీటర్లయితే 45 టెస్లా. జంట ఎంత చిన్నదైతే అంత గట్టిగా నిలుస్తుంది.

రెండోది స్పిన్ ప్రభావం. స్పిన్ అంటే ప్రతి ఎలక్ట్రాన్‌నూ చిన్న అయస్కాంతంలా చేసే సహజ గుణం. మామూలు జంటలో ఒక స్పిన్ పైకి, ఇంకొకటి కిందికి ఉంటుంది. క్షేత్రం రెండింటినీ ఒకే వైపుకు లాగుతుంది. ఆ లాగుడు శక్తి జంట కట్టు శక్తిని మించితే జంట విడిపోతుంది. 1962లో క్లాగ్‌స్టన్, బి.ఎస్. చంద్రశేఖర్ విడివిడిగా లెక్కకట్టిన హద్దు ఇదే. నక్షత్రాల చంద్రశేఖర్ వేరు, ఈయన వేరు. దీన్ని పౌలీ హద్దు అంటారు. లెక్క సులువు: అతివాహకత మొదలయ్యే సందిగ్ధ ఉష్ణోగ్రతను, ల్యాబుల్లో అందరూ అనే టీసీని, కెల్విన్లలో తీసుకుని 1.84తో గుణిస్తే టెస్లాలలో జవాబు వస్తుంది. టీసీ 3 కెల్విన్లయితే 5.5 టెస్లా.

ఈ రెండు హద్దుల్లో ఏది తక్కువైతే అతివాహకత దాదాపు అక్కడే ఆగుతుంది.

అసౌష్ఠవం ఇందులో ఎక్కడ జోక్యం చేసుకుంటుంది?

రెండో దారిలో మాత్రమే. దీన్ని మరిచిపోయి పెద్ద పెద్ద ఆశలు పెట్టుకోవడమే ఈ రంగంలో అందరూ చేసే మొదటి పొరపాటు.

సౌష్ఠవ కేంద్రం ఉన్న స్ఫటికంలో ఒకే వేగంతో ఒకే దిశలో పోయే రెండు ఎలక్ట్రాన్లు, ఒకటి పై స్పిన్‌తో, ఇంకొకటి కింది స్పిన్‌తో, ఒకే శక్తితో ఉంటాయి. కేంద్రం పోతే ఈ సమానత్వం పోతుంది. స్ఫటికం లోపలి విద్యుత్ క్షేత్రం కదిలే ఎలక్ట్రాన్‌కు అయస్కాంత క్షేత్రంలా తోస్తుంది. స్పిన్‌ను అది గమన దిశకు ముడివేస్తుంది. కుడికి పోయే ఎలక్ట్రాన్ స్పిన్ ఒక వైపుకు, ఎడమకు పోయేదానిది సరిగ్గా ఎదురు వైపుకు తిరిగి ఉంటుంది. కూపర్ జంటలో ఇద్దరూ ఎదురెదురు దిశల్లోనే పోతారు కాబట్టి జంట చెక్కుచెదరదు.

ఇప్పుడు అలా ముడిపడిన స్పిన్ దిశకు అడ్డంగా బయటి క్షేత్రం పెట్టండి. స్పిన్‌ను లోపల పట్టుకున్న క్షేత్రం వందల టెస్లాలకు సమానం. బయటి పది టెస్లాలు దాన్ని కాస్త వంచగలవే తప్ప తిప్పలేవు. జంటలోని ఇద్దరి శక్తులూ సమానంగానే మిగులుతాయి. అంటే పౌలీ హద్దు వర్తించదు.

ప్లాటినం, ఇరిడియం, బిస్మత్, టంగ్‌స్టన్ వంటి బరువైన మూలకాల్లో ఈ ముడి బలంగా ఉంటుంది. తేలిక మూలకాలతో చేసిన స్ఫటికంలో కేంద్రం లేకపోయినా పెద్దగా తేడా పడదు. లిథియం, పల్లాడియం, బోరాన్ సమ్మేళనం, దాని ప్లాటినం తోబుట్టువు ఇందుకు మంచి జత. నిర్మాణం ఒకటే. పల్లాడియం ఉన్నది దాదాపు మామూలు అతివాహకంలా ప్రవర్తిస్తుంది. ప్లాటినం ఉన్నదానిలో శక్తి అంతరం, అంటే జంటను విడదీయడానికి కావాల్సిన శక్తి, ఎలక్ట్రాన్ల గమన దిశల్లో కొన్ని రేఖల మీద సున్నా అవుతుంది.

క్షేత్రం ఏ దిశలో పెట్టినా లాభమేనా?

కాదు. కేంద్రం ఎలా పోయిందన్నదాన్ని బట్టి దిశ మారుతుంది.

స్ఫటికంలో పైకీ కిందికీ తేడా ఉంటే, అంటే ధ్రువ అక్షం ఉంటే, దాన్ని రాష్బా రకం అంటారు. ఇందులో స్పిన్లు ఆ అక్షానికి లంబంగా, తలంలో పరుచుకుని ఉంటాయి. క్షేత్రాన్ని అక్షం వెంట పెడితే పౌలీ హద్దు పోతుంది. తలంలో పెడితే హద్దు సుమారు √2 రెట్లు మాత్రమే పెరుగుతుంది. పైగా ఎలక్ట్రాన్ల ఫెర్మీ ఉపరితలం (నిండిన, ఖాళీ ద్రవ్యవేగ స్థితుల మధ్య సరిహద్దు) ఒక పక్కకు జరిగి, జంటలకు కొంత ద్రవ్యవేగం వస్తుంది. దీన్ని హెలికల్ స్థితి అంటారు.

మాలిబ్డినం డైసల్ఫైడ్, నయోబియం డైసెలినైడ్ ఒంటరి పొరల్లో పద్ధతి తలకిందులు. అక్కడ స్పిన్లు తలానికి లంబంగా నిలబడి ఉంటాయి. కాబట్టి తలంలో పెట్టిన క్షేత్రమే నిరపాయం. దీన్ని ఐసింగ్ అతివాహకత అంటారు.

సీరియం, ఇరిడియం, సిలికాన్ 1:1:3 సమ్మేళనం దిశాభేదానికి గొప్ప ఉదాహరణ. 2.65 గిగాపాస్కల్ పీడనం కింద దీని టీసీ 1.6 కెల్విన్లు, పౌలీ హద్దు 3 టెస్లాకు కాస్త లోపు. తలంలో పెట్టిన క్షేత్రానికి సుమారు 9.5 టెస్లా వరకు ఆగుతుంది. ధ్రువ అక్షం వెంట పెడితే లెక్క సుమారు 45 టెస్లాకు పోతుంది. అలాగని అన్నీ సిద్ధాంతం చెప్పినట్టు నడుచుకోవు. 2004లో వియన్నాలో ఎర్న్‌స్ట్ బాయర్ బృందం ప్రకటించిన సీరియం, ప్లాటినం, సిలికాన్ 1:3:1 సమ్మేళనంతోనే ఈ రంగం ఊపందుకుంది. అది రాష్బా రకమే. అయినా దిశ మార్చినప్పుడు దాని సందిగ్ధ క్షేత్రంలో, అంటే అతివాహకత పోయే క్షేత్రంలో, పెద్ద తేడా రాదు.

కేంద్రం లేకపోతే సందిగ్ధ క్షేత్రం పెరిగి తీరుతుందా?

లేదు. బిస్మత్, పల్లాడియం 1:1 స్ఫటికాన్ని చూడండి. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ బృందం 2011లో దాని అతివాహకతను వివరంగా ప్రచురించింది. కేంద్రం లేదు, బిస్మత్ కన్నా బరువైన మూలకాన్ని అడగనక్కర్లేదు, టీసీ సుమారు 3.7 కెల్విన్లు. పౌలీ హద్దు 6.8 టెస్లా. కానీ అతివాహకత 1 టెస్లా లోపే పోతుంది. కారణం కక్ష్యా హద్దు. జంటలు పెద్దవి, సుడులు త్వరగా నిండిపోతాయి. తాళం వేసిన తలుపు పక్కనే గోడ కూలిపోతే తాళం ఎంత గట్టిదైనా ఏం లాభం?

సీరియం సమ్మేళనాల్లో ఎలక్ట్రాన్ల ప్రభావ ద్రవ్యరాశి చాలా ఎక్కువ, అందువల్ల కోహరెన్స్ పొడవు చిన్నది. కక్ష్యా హద్దు ఎక్కడో పైన ఉంటుంది కాబట్టి స్పిన్ వైపు లాభం కంటికి కనిపిస్తుంది. మీ నమూనా ఏ రకమో తెలియాలంటే టీసీ దగ్గర సందిగ్ధ క్షేత్రం వాలును (ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ అది పెరిగే రేటును) కొలవండి. 0.69 × టీసీ × వాలు అని లెక్కేస్తే కక్ష్యా హద్దు వస్తుంది. అది పౌలీ హద్దుకు చాలా కింద ఉంటే, ఆ నమూనాలో క్షేత్రపు కొలతలతో అసౌష్ఠవాన్ని వెతకడం దండగ.

పౌలీ హద్దు దాటింది కాబట్టి కేంద్రం లేదని చెప్పవచ్చా?

చెప్పకూడదు. యురేనియం డైటెల్యూరైడ్‌కు సౌష్ఠవ కేంద్రం ఉంది, టీసీ 1.6 కెల్విన్లు, పౌలీ హద్దు 3 టెస్లా దగ్గర. ఒక దిశలో అది 35 టెస్లాలో కూడా అతివాహకమే. జంటలు ట్రిప్లెట్ రకం (రెండు స్పిన్లూ ఒకే వైపుకు ఉండగలవి) అయితే పౌలీ హద్దు వర్తించదు. మలినాల వల్ల స్పిన్ చెదిరినా, ఎలక్ట్రాన్–ఫోనాన్ (స్ఫటిక కంపనం) బంధం బలంగా ఉన్నా హద్దు పెరుగుతుంది.

ఒకే పదార్థం పొర మందం మారితే వేరుగా ప్రవర్తిస్తుందా?

అవును. నయోబియం డైసెలినైడ్ ముద్దగా ఉన్నప్పుడు పక్కపక్క పొరలు 180 డిగ్రీలు తిరిగి ఉంటాయి. ఒక పొరలోని అసౌష్ఠవాన్ని పక్క పొర కొట్టివేస్తుంది. మొత్తానికి కేంద్రం ఉంటుంది, టీసీ 7.2 కెల్విన్లు. ఒక్క పొరను వలిస్తే కేంద్రం మాయం. టీసీ సుమారు 3 కెల్విన్లకు పడిపోతుంది గానీ, తలంలో పెట్టిన క్షేత్రాన్ని పౌలీ హద్దుకు ఆరు రెట్లకు పైగా తట్టుకుంటుంది. పొర ఇంత పల్చనైతే తలంలోని క్షేత్రానికి సుడి తిరిగే చోటే ఉండదు. మందం 0.7 నానోమీటర్లు, కోహరెన్స్ పొడవు 10 నానోమీటర్లు అనుకుంటే కక్ష్యా హద్దు 160 టెస్లాలు దాటుతుంది. రెండు అడ్డంకులూ ఒకేసారి తొలగిన అరుదైన సందర్భం ఇది.

ఒంటరి పొర గాలి తగిలితే గంటల్లో పాడైపోతుంది. ఆక్సిజన్, తేమ రెండూ 1 పీపీఎం లోపు ఉన్న గ్లోవ్‌బాక్స్‌లో టేపుతో వలిచి, వెంటనే పైన బోరాన్ నైట్రైడ్ కప్పాలి. కప్పకుండా తీసిన నమూనాలో నిరోధం సున్నాకు రాకపోతే అసౌష్ఠవాన్ని నిందించకండి, ఆక్సీకరణను చూడండి.

కేంద్రం ఉన్న స్ఫటికంలో ఈ ప్రభావం అసలే రాదా?

రావచ్చు. మొత్తానికి కేంద్రం ఉన్నా, ఒక్కొక్క పరమాణువు కూర్చున్న చోట అది లేకపోవచ్చు. 2021లో డ్రెస్డెన్ మాక్స్ ప్లాంక్ బృందం ప్రకటించిన సీరియం, రోడియం, ఆర్సెనిక్ 1:2:2 సమ్మేళనం అలాంటిది. టీసీ 0.26 కెల్విన్లు మాత్రమే. నిలువు అక్షం వెంట క్షేత్రం పెంచుతూ పోతే 4 టెస్లా దగ్గర ఒక అతివాహక స్థితి ఇంకో అతివాహక స్థితిగా మారుతుంది. ఆ రెండోది 14 టెస్లా వరకు ఉంటుంది. తలంలో పెడితే 2 టెస్లా లోపే అంతా అయిపోతుంది.

స్ఫటికంలో కేంద్రం లేదని ఎలా తేల్చాలి?

పొడి ఎక్స్‌రే చిత్రం చాలదు. శిఖరాల స్థానాలు కేంద్రం ఉన్న నమూనాకూ లేనిదానికీ ఒకేలా సరిపోతాయి. ఏక స్ఫటికం మీద ఎక్స్‌రే వివర్తనం చేసి, ఫ్రీడెల్ జతల (ఎదురెదురు దిశల జంట ప్రతిఫలనాల) తీవ్రతల్లో తేడా చూడాలి. బరువైన పరమాణువులుంటే తేడా స్పష్టంగా వస్తుంది. ఆ తేడాల నుంచి లెక్కించే ఫ్లాక్ విలువ 0 దగ్గర ఉంటే నిర్మాణం సరైన చేతివాటంలో ఉన్నట్టు, 1 అయితే తలకిందులుగా పెట్టినట్టు, 0.5 అయితే స్ఫటికంలో రెండు రకాల తునకలూ సగం సగం కలిసి ఉన్నట్టు. చివరిదాని మీద చాలామంది శ్రద్ధ పెట్టరు. పై ధ్రువం, కింది ధ్రువం ఉన్న తునకలు కలిసిపోతే డయోడ్ (దీని గురించి కింద ఉంది) వంటి ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. సందిగ్ధ క్షేత్రం మాత్రం పెద్దగా మారదు.

లేజర్ వేసి రెట్టింపు పౌనఃపున్యపు కాంతిని చూడటం ఇంకో మార్గం. 800 నానోమీటర్ల కాంతి వేస్తే 400 నానోమీటర్ల కాంతి రావాలి. అయితే ఏ స్ఫటికపు ఉపరితలానికైనా కేంద్రం ఉండదు, కొంత సంకేతం ఎప్పుడూ వస్తుంది. స్ఫటికాన్ని తిప్పుతూ సంకేతం ఎలా మారుతుందో చూడకుండా ఒక్క సంఖ్యతో తీర్పు చెప్పకూడదు.

బిస్మత్–పల్లాడియం స్ఫటికం పెంచాలంటే ఎంతెంత, ఎలా?

5 గ్రాముల ముద్దకు బిస్మత్ 3.313 గ్రాములు, పల్లాడియం 1.687 గ్రాములు. శుద్ధమైన లోహాలను తూచి, క్వార్ట్జ్ గొట్టంలో పెట్టి, గాలి తీసేసి సీలు వేయండి. సమ్మేళనం సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దానికి కొంచెం పైకి తీసుకెళ్లి బాగా కలవనిచ్చి, నెమ్మదిగా చల్లార్చాలి.

అసలు ఇబ్బంది కిందికి దిగేటప్పుడు వస్తుంది. 210 డిగ్రీల దగ్గర ఇది పై ఉష్ణోగ్రత రూపం నుంచి కేంద్రం లేని రూపానికి మారుతుంది. ఆ చుట్టుపక్కల తొందరపడితే పాత రూపం తునకలు మిగులుతాయి, స్ఫటికంలో కవల పొరలు పుడతాయి. బిస్మత్ కాస్త ఎక్కువైతే బిస్మత్ రెండు, పల్లాడియం ఒకటి పాళ్లలో ఇంకో సమ్మేళనం పక్కన చేరుతుంది. దాని బీటా రూపం 5.4 కెల్విన్ల దగ్గర అతివాహకం, దానికి కేంద్రం ఉంది. మీ వక్రంలో 3.7కు ముందే 5 దాటిన చోట ఒక చిన్న మెట్టు కనిపిస్తే సంబరపడకండి, అది మలినం. నిరోధంలో ఒక సన్నటి దారి చాలు మొత్తం సున్నా చూపించడానికి. కాబట్టి విశిష్టోష్ణం కొలవనిదే ఆ మెట్టు ముద్దంతటిదీ అని రాయకూడదు.

ఎగువ సందిగ్ధ క్షేత్రం కొలిచేటప్పుడు ఏం తప్పుతుంది?

కొలత నాలుగు తీగల పద్ధతిలో చేస్తారు: రెండు తీగలతో విద్యుత్తు పంపి, మిగతా రెంటితో వోల్టేజి చూస్తారు. 25 మైక్రాన్ల బంగారు తీగ, వెండి పేస్టు వాడండి. లాక్-ఇన్ యాంప్లిఫయర్ (ఎంచుకున్న పౌనఃపున్యపు సంకేతాన్నే కొలిచే పరికరం) పౌనఃపున్యం 13 లేదా 17 హెర్ట్జ్ పెట్టండి, 50 హెర్ట్జ్ గుణిజాల దగ్గరికి పోవద్దు. విద్యుత్తు 100 మైక్రోఆంపియర్లు, స్పర్శ నిరోధం 10 ఓమ్‌లు ఉంటే అక్కడ 0.1 మైక్రోవాట్ వేడి పుడుతుంది. హీలియం-3 శీతలీకరణిలో ఇది పరవాలేదు. డైల్యూషన్ శీతలీకరణిలో 50 మిల్లీకెల్విన్ల దగ్గర ఇదే నమూనాను వేడెక్కిస్తుంది. విద్యుత్తు రెట్టింపు చేసి వక్రం జరగలేదని చూసుకోవడం ఐదు నిమిషాల పని. చాలా తప్పుడు ఫలితాలను ఆ ఐదు నిమిషాలే ఆపగలవు.

నిరోధం ఎంత శాతానికి పడ్డప్పుడు సందిగ్ధం అనుకున్నారో రాయండి. 90, 50, 10 శాతాల వద్ద మూడు విలువలు వేరు. దిశాభేదం చూపేటప్పుడు ఒక దిశకు 90, ఇంకో దిశకు 50 తీసుకోవడం నేరమే. క్షేత్రం ఉపరితలానికి సమాంతరంగా ఉంటే పైపొరలో అతివాహకత అసలు హద్దుకు సుమారు 1.7 రెట్ల వరకు నిలుస్తుంది. నిరోధం కొలతలో దిశాభేదంలా కనిపించేది కొన్నిసార్లు ఈ పైపొరే.

అతివాహక అయస్కాంతాన్ని 9 టెస్లా వరకు తీసుకెళ్లి సున్నాకు దించితే నిజంగా సున్నాకు రాదు, కొన్ని మిల్లీటెస్లాలు మిగులుతాయి. కాబట్టి సున్నా క్షేత్రం కొలతలు ముందే చేయండి, లేదా అటూ ఇటూ ఊపుతూ తగ్గించి దించండి.

క్షేత్రం తలానికి ఎంత సమాంతరంగా ఉండాలి?

ఒంటరి పొరల్లో 0.5 డిగ్రీ కూడా లెక్కే. లంబ దిశలో హద్దు 3.3 టెస్లా ఉన్న పొరకు 30 టెస్లా క్షేత్రం అర డిగ్రీ తప్పితే 0.26 టెస్లా లంబంగా పడుతుంది. అది కాస్త ఫరవాలేదు. 5 డిగ్రీలు తప్పితే 2.6 టెస్లా, ఇక హద్దుకు కూతవేటు దూరమే. కంటితో అతికించిన నమూనాలో 2, 3 డిగ్రీలు తేడా మామూలే. రొటేటర్‌తో 0.1 డిగ్రీ అడుగుల్లో తిప్పుతూ నిరోధం కనిష్ఠమయ్యే కోణాన్ని వెతకండి. అక్కడే కొలవండి. రొటేటర్ పళ్ల చక్రాల్లో వెనుకజరుగుడు ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ఒకే వైపు నుంచి ఆ కోణాన్ని చేరండి.

అతివాహక డయోడ్ అంటే ఏమిటి?

ఒక దిశలో నిరోధం లేకుండా పోయే విద్యుత్తు, ఎదురు దిశలో అంతే మోతాదులో నిరోధంతో పోతుంది. దీనికి రెండు షరతులు: సౌష్ఠవ కేంద్రం ఉండకూడదు, క్షేత్రం లేదా అయస్కాంతత్వం కాలదిశా సౌష్ఠవాన్ని (కాలాన్ని వెనక్కి నడిపినా అంతా ఒకేలా ఉండటాన్ని) చెరపాలి. 2020లో క్యోటో విశ్వవిద్యాలయం బృందం నయోబియం, వెనేడియం, టాంటలం పల్చని పొరలను అదే వరుసలో మళ్లీ మళ్లీ పేర్చింది. మూడు పొరలు కావడమే కిటుకు. రెండే అయితే అటు నుంచి చూసినా ఇటు నుంచి చూసినా ఒకటే. మూడుంటే పై నుంచి చదివిన వరుస కింది నుంచి చదివినదానికి భిన్నం. క్షేత్రం తలంలో, విద్యుత్తుకు లంబంగా ఉండాలి. విద్యుత్తు వెంట పెడితే ప్రభావం కనిపించదు.

సామర్థ్యం ఇలా లెక్కిస్తారు: రెండు దిశల సందిగ్ధ విద్యుత్తుల (నిరోధం లేకుండా పోగల గరిష్ఠ విద్యుత్తుల) తేడాను వాటి మొత్తంతో భాగించాలి.

డయోడ్ ప్రభావం వచ్చింది, స్ఫటికం అసౌష్ఠవమే కారణమా?

తొందరపడకండి. ఈ ప్రశ్నలోనే ఎక్కువమంది బోల్తా పడతారు. 2023లో ఎంఐటీలో జగదీశ్ మూదేరా బృందం సాదా నయోబియం, వెనేడియం పట్టీల్లోనే స్వల్ప లంబ క్షేత్రంతో డయోడ్ ప్రభావాన్ని చూపింది. ఆ లోహాలకు సౌష్ఠవ కేంద్రం ఉంది. ఇక్కడ అసౌష్ఠవం స్ఫటికంలో కాదు, పట్టీ ఆకారంలో ఉంది: పట్టీ ఎడమ అంచు, కుడి అంచు ఒకేలా కత్తిరించబడవు. సుడులు గరుకైన అంచు నుంచి సులభంగా దూరతాయి, నునుపైన అంచు నుంచి కష్టంగా. అంతే, డయోడ్ తయారు. లంబ క్షేత్రం కొన్ని మిల్లీటెస్లాలు చాలు, అంటే తలంలో పెట్టాననుకున్న క్షేత్రం కాస్త వంగినా చాలు.

అందుకే ఈ పరీక్షలు చేయండి. క్షేత్రాన్ని ఎదురు దిశకు తిప్పితే సామర్థ్యపు గుర్తు మారాలి. టీసీ పైకి తీసుకెళ్లి, సున్నా క్షేత్రంలో చల్లార్చి కొలిస్తే సున్నా రావాలి. రాకపోతే చిక్కుకున్న ఫ్లక్స్ ఉంది. ఒకే పొర మీద వేర్వేరు వెడల్పుల పట్టీలు గీయండి. పట్టీ వెడల్పును, చెక్కిన తీరును బట్టి ప్రభావం మారితే అది అంచులది.

ఇంకో తప్పు విద్యుత్తు పెంచే తీరులో ఉంది. కొన్ని జంక్షన్లలో (రెండు అతివాహకాల మధ్య సన్నటి అతుకుల్లో) పైకి పోయేటప్పుడు తెగే విద్యుత్తు వేరు, దిగేటప్పుడు మళ్లీ అతివాహకమయ్యే విద్యుత్తు వేరు. ఋణ చివర నుంచి ధన చివర వరకు ఒక్క ఊపున పోతే ఒక వైపు దిగుడు విలువను, ఇంకో వైపు ఎక్కుడు విలువను పోలుస్తారు. లేని డయోడ్ పుట్టుకొస్తుంది. ప్రతిసారీ సున్నా నుంచి బయలుదేరి విడివిడిగా అటూ ఇటూ పోండి.

సింగ్లెట్, ట్రిప్లెట్ కలిసిపోతాయంటారు. అది కొలతలో కనిపిస్తుందా?

స్పిన్లు ఎదురెదురుగా ఉన్న మామూలు జంట సింగ్లెట్, ఒకే వైపుకు ఉండగలిగేది ట్రిప్లెట్. కేంద్రం లేనప్పుడు జంటలను ఈ రెండు రకాలుగా విడదీసే నియమమే ఉండదు, రెండూ కొంత కొంత కలుస్తాయి. నైట్ షిఫ్ట్ (ఎలక్ట్రాన్ల స్పిన్లు క్షేత్రానికి ఎంత లొంగుతాయో పరమాణు కేంద్రకాల ద్వారా చూపే కొలత) టీసీ కింద తగ్గకపోతే ట్రిప్లెట్ అని తేల్చకూడదు. స్పిన్ ముడి బలంగా ఉన్నప్పుడు సింగ్లెట్‌లోనూ అది పూర్తిగా తగ్గదు. రాష్బా రకంలో క్షేత్రం అక్షం వెంట ఉంటే అసలు తగ్గకపోవచ్చు.

బయటి క్షేత్రం లేకుండానే టీసీ కింద స్వల్ప అంతర్గత అయస్కాంత క్షేత్రం పుడుతుందా అని మ్యూయాన్లతో (చిన్న అయస్కాంతాల్లా పనిచేసే కణాలతో) చూస్తారు. లాంథనం, నికెల్, కార్బన్ 1:1:2 సమ్మేళనంలో 2009లో అలా కనిపించింది. 2014లో రీనియం, జిర్కోనియం 6:1 సమ్మేళనంలో కనిపించింది. ఆ రెండో పదార్థం మీద భోపాల్ ఐసర్‌లోని ఆర్.పి. సింగ్ బృందం చేసిన పని ఈ రంగంలో అందరికీ తెలిసిందే. కేంద్రం లేని ప్రతి అతివాహకంలోనూ ఈ అంతర్గత క్షేత్రం కనిపించదు.

ఎంఆర్ఐ అయస్కాంతాలకు ఇది పనికొస్తుందా?

ఇప్పట్లో కాదు. ఎంఆర్ఐలో వాడేది నయోబియం–టైటానియం తీగ. అక్కడ కావాల్సింది సుడులను కదలకుండా పట్టుకునే లోపాలు, కిలోమీటర్ల పొడవున తీగ సాగదీయగల లోహం, అందుబాటు ధర. పౌలీ హద్దు అక్కడి తలనొప్పి కాదు. టీసీ ఒకట్రెండు కెల్విన్లు ఉండి, గిగాపాస్కల్ పీడనం అడిగే పదార్థంతో ఆసుపత్రిలో చేసేదేమీ లేదు. పల్చటి పొరల్లో పనిచేసే డయోడ్లు, బలమైన క్షేత్రంలోనూ అతివాహకంగా ఉండాల్సిన క్వాంటం పరికరాలు మాత్రం ఈ అసౌష్ఠవాన్ని నిజంగా వాడుకోగల చోట్లు.